దురద వయసుతో పోతుంది, చూపు పోకుండా చూసుకోవాలి

మన్నెగూడ (ఇబ్రహీంపట్నం): శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ తర్వాత నాలుగు రోజులకే గాలి మారుతుంది. వేపచెట్లు పూతకు వస్తాయి. మోదుగులు ఎర్రబారుతాయి. రోడ్ల మీద, కోసిన పొలాల్లో దుమ్ము లేస్తుంది. సరిగ్గా అప్పుడే కొన్ని ఇళ్ళల్లో పిల్లల కళ్ళు కూడా ఎర్రబారుతాయి. తెల్లవారి లేస్తూనే పిల్లవాడు రెండు పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటూ వస్తాడు. వాకిట్లోకి వస్తే వెలుతురు చూడలేడు. కంటి మూలల్లో దారంలా సాగే పుసి కడుతుంది. "వేడి చేసింది" అంటారు పెద్దలు. మాడుకు ఆముదం పెడతారు. వానలు పడేసరికి కాస్త తగ్గుతుంది. మళ్ళీ యేడాది శివరాత్రి దాటగానే మొదలు.

సాగర్ రోడ్డు మీది మన్నెగూడలోనే కాదు, ఎండ, పొడిగాలి, దుమ్ము వున్న పల్లెలన్నింటిలోనూ తల్లులకు తెలిసిన బాధ ఇది. ఇది కంటి ఎలర్జీ జబ్బు. ఏళ్ళ తరబడి వుంటుంది. చాలామంది పిల్లలకు యుక్తవయసు వచ్చేసరికి దానంతట అదే తగ్గిపోతుంది. అయితే జబ్బు పోయినా, అది వున్న రోజుల్లో మనం చేసే రెండు పొరపాట్ల వల్ల చూపు పోయే ప్రమాదం వుంది. ఒకటి, కళ్ళు నులుముకోవడం. రెండోది, డాక్టరుకు చూపించకుండా మందుల షాపులో చుక్కల మందు కొని ఏళ్ళ తరబడి వేయడం. ఈ రెండో పొరపాటు మొదటిదానికంటే పెద్దది. దాని సంగతి తెలియక నష్టపోయే కుటుంబాలు వున్నాయి కనుకనే ఈ నాలుగు మాటలు.

ఒక పిల్లవాడి కథ

ఉదాహరణకు ఎనిమిదేళ్ళ పిల్లవాడొకణ్ణి అనుకుందాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, కంటి డాక్టర్లు తరచుగా చూసే కథ. పిల్లవాడికి దురద భరించరానంతగా వుంది. కూలికి పోయే తండ్రికి పట్నం పోవాలంటే ఒకరోజు పని పోతుంది. రోడ్డు మీది మందుల షాపుకు వెళ్ళి "కళ్ళు ఎర్రబడ్డాయి, మందు ఇవ్వు" అన్నాడు. చిన్న సీసా ఒకటి ఇచ్చారు. రెండు రోజుల్లో కళ్ళు మల్లెపూవుల్లా తెల్లబడ్డాయి. దురద మాయం. ఇంతకంటే మంచి మందు వుంటుందా అనుకున్నారు ఇంటిల్లిపాదీ. వారం తర్వాత మానేస్తే దురద మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే సీసా. ఆ సీసా గూట్లో దేవుడి పటం పక్కన చేరింది. దురద పెట్టినప్పుడల్లా పిల్లవాడే తీసి వేసుకుంటాడు. అయిపోతే పాత సీసా చూపించి కొత్తది తెచ్చుకుంటాడు.

ఇలా ఆరేడేళ్ళు గడిచాయి. పదో తరగతిలో నల్లబల్ల మీది అక్షరాలు కనపడడం లేదన్నాడు. నడుస్తుంటే పక్కనున్న గడపో బండో తగులుతున్నది. అద్దాలు పెట్టిస్తే సరిపోతుందని తీసుకువెళితే డాక్టరు కంటి లోపల చూసి, నరం చాలావరకు ఎండిపోయిందని చెప్పాడు. నొప్పి లేదు, ఎరుపు లేదు. అయినా పోయిన చూపు తిరిగి రాదు.

ఆ సీసాలో వున్నది స్టెరాయిడ్ మందు. అది విషం కాదు. డాక్టరు చేతిలో అది మంచి మందే. కానీ లెక్క లేకుండా వాడితే కంటిని లోపలి నుంచి తినేస్తుంది. ఎలాగో చెప్పే ముందు, అసలు జబ్బేమిటో తెలుసుకోవడం అవసరం.

కండ్లకలక కాదు

డాక్టర్లు దీనిని వర్నల్ కెరటో కంజంక్టివైటిస్ అంటారు. పేరు పొడుగు కనుక వి.కె.సి. అని రాస్తారు. వర్నల్ అంటే వసంతకాలానికి సంబంధించినది. చాలామందికి ఆ కాలంలో ఎక్కువవుతుంది కనుక ఆ పేరు వచ్చింది. సాధారణంగా నాలుగైదేళ్ళ వయసు నుంచి మొదలవుతుంది. ఆడపిల్లల కంటే మగపిల్లలకు ఎక్కువ. వేడి, పొడి వాతావరణం గల దేశాలలో హెచ్చు.

దీనిని కండ్లకలకగా పొరబడేవారు చాలామంది. 2023 వర్షాకాలంలో తెలుగు జిల్లాలన్నింటిలో కండ్లకలక ఊరూరా పాకిన సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది. అది అంటువ్యాధి. ఒకరి చేతి నుంచి, తువ్వాలు నుంచి మరొకరికి వస్తుంది, వారం పది రోజుల్లో చాలామందికి పోతుంది. వి.కె.సి. అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నవారికి రాదు. నెలల తరబడి వుంటుంది, పోయినట్టే పోయి తిరిగి వస్తుంది. కండ్లకలకలో కన్ను మంట, గరగర ఎక్కువ. ఇందులో దురద ఎక్కువ. దురద లేని వి.కె.సి. వుండదనే చెప్పవచ్చు.

గుర్తులు ఇవి: ఎడతెగని దురద, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం, తెల్లటి పుసి దారంలా సాగడం. ఏళ్ళ తరబడి వున్న పిల్లల తెల్లగుడ్డు మట్టిరంగుకు తిరుగుతుంది. నల్లగుడ్డు చుట్టూ అంచు ఉబ్బి, దానిమీద సున్నపు చుక్కల వంటి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. డాక్టరు పైరెప్పను తిరగవేసి చూస్తే లోపల నున్నగా వుండవలసిన పొర మీద గులకరాళ్ళు పరిచినట్టు బొడిపెలు వుంటాయి. పిల్లల కళ్ళు బరువుగా, సగం మూసినట్టు వుండడానికి కారణం ఆ బొడిపెలే.

ఎందుకు వస్తుందన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. దుమ్ము, పుప్పొడి, పొగ, ఎండ, గాలి ఇవన్నీ జబ్బును రెచ్చగొడతాయి. అంతమాత్రాన ఫలానా వస్తువు పడక వచ్చిందని ప్రతి పిల్లవాడి విషయంలోనూ వేలెత్తి చూపడం సాధ్యం కాదు. కాబట్టి వంకాయ, గుడ్డు, పెరుగు మాన్పించి పిల్లవాణ్ణి పథ్యంతో చిక్కబెట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఫలానాది తిన్న ప్రతిసారీ జబ్బు ఎక్కువవుతున్నదని మీరే గమనిస్తే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

హైదరాబాదు లెక్కలు

మనకు దగ్గరలోనే ఈ జబ్బు గురించి లెక్కలు కట్టారు. సినీ దర్శకులు ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థలో, వి.కె.సి.తో వచ్చిన 468 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఒక్క ఆడపిల్లకు ఆరుగురికి మించి మగపిల్లలు వున్నారు. సగటు వయసు 12 ఏళ్ళు. నూటికి 36 మందికి జబ్బు ఒక్క ఎండాకాలంలోనే కాక యేడాది పొడుగునా వుంటున్నది. నూటికి 12 మందికి చూపు చెప్పుకోదగినంతగా తగ్గింది. ఇరవై ఏళ్ళు దాటినా జబ్బు వదలనివారు నూటికి 12 మంది.

అదే సంస్థలో 4,062 మంది వి.కె.సి. రోగుల లెక్క చూసి ప్రకటించిన మరొక పరిశీలనలో నూటికి ఇద్దరికి పైగా నీటికాసుల జబ్బు వున్నట్టు తేలింది. నూటికి ఇద్దరే కదా అనిపించవచ్చు. నీటికాసులు మామూలుగా నలభై ఏళ్ళు దాటినవారిని పట్టే జబ్బు. బడికి పోయే పిల్లల్లో నూటికి ఇద్దరికి కనిపించడం చిన్న విషయం కాదు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇవి పెద్దాసుపత్రికి వచ్చినవారి లెక్కలు. జబ్బు ముదిరినవారే అక్కడికి ఎక్కువగా వస్తారు. ఊళ్ళో కళ్ళు దురద పెట్టే పిల్లలందరికీ ఇదే గతి పడుతుందని భయపడనవసరం లేదు. చాలామందికి జబ్బు తేలికగానే వుంటుంది. సకాలంలో చూపించుకుంటే ముదిరినవారికి కూడా చూపు కాపాడవచ్చు.

నులిమితే నష్టం

దురద పెట్టినప్పుడు నులుముకుంటే హాయిగా వుంటుంది. ఆ హాయి అరనిమిషమే. నులిమినకొద్దీ కంటి పొరల్లోని కణాలు దురద పుట్టించే రసాన్ని మరింతగా విడుస్తాయి. దురద రెట్టింపవుతుంది.

అంతటితో ఆగదు. నల్లగుడ్డు మీద గడియారపు అద్దం వంటి పారదర్శకమైన పొర వుంటుంది. ఏళ్ళ తరబడి నులిమితే అది పలుచబడి, లోపలి ఒత్తిడికి ముందుకు పొడుచుకు వచ్చే ప్రమాదం వుంది. అద్దం వంకర తిరిగితే బొమ్మ వంకరగా పడినట్టు చూపు మసకబారుతుంది. అద్దాల నంబరు ఆరునెలలకోసారి మారుతున్నదంటే ఇది మొదలైందేమోనని అనుమానించాలి. తొలిదశలో గుర్తిస్తే, విటమిన్ బి2 చుక్కలు వేసి ఒక రకమైన కిరణాలు ప్రసరింపజేసి ఆ పొరను గట్టిపరిచే చికిత్స వుంది. ముదిరితే నల్లగుడ్డు మార్చవలసి వస్తుంది.

పైరెప్ప కింది బొడిపెలతో మరొక ముప్పు వుంది. రెప్ప కొట్టినప్పుడల్లా అవి గరుకు కాగితంలా నల్లగుడ్డును రాస్తాయి. వాటి నుంచి ఊరే రసాలు కూడా పైపొరను చెడగొడతాయి. అలా పుండు పడుతుంది. ఆ పుండులో సూక్ష్మజీవులు చేరితే మానిన తర్వాత మచ్చ మిగులుతుంది. దానినే మనవాళ్ళు కంట్లో పువ్వు అంటారు. ఇలాంటి సమయంలో ఆకుపసరు, తల్లిపాలు, తేనె, పటిక నీళ్ళు కంట్లో పోయడం నిప్పులో నెయ్యి పోసినట్టే. ఈ పనులు ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

తూము పూడితే

ఇక చుక్కల మందు సంగతి. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఎరిగినవారికి ఇది చెప్పడం తేలిక. చెరువులోకి నీరు వస్తూ వుంటుంది, తూము గుండా పోతూ వుంటుంది. రాక పోక సమానంగా వున్నంతకాలం కట్టకు భయం లేదు. తూము పూడిపోయి నీరు వస్తూనే వుంటే బరువంతా కట్ట మీద పడుతుంది. కన్ను కూడా అంతే. కంటి లోపల నిర్మలమైన నీరు నిత్యం ఊరుతుంది, జల్లెడ వంటి సన్నని దారి గుండా బయటకు పోతుంది. (ఇది కన్నీరు కాదు, లోపలి నీరు.) స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువ కాలం వేస్తే కొందరిలో ఆ జల్లెడ పూడిపోతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి కంటి వెనుకనున్న నరం మీద పడి, నరం కొద్దికొద్దిగా ఎండిపోతుంది. ఇదే నీటికాసులు.

చెరువుకట్ట తెగితే ఊరంతా వింటుంది. ఈ కట్ట తెగినప్పుడు చప్పుడుండదు. ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది కనుక చాలామందికి నొప్పి వుండదు. ముందుగా పక్కచూపు పోతుంది, ఎదుటి చూపు చివరిదాకా బాగానే వుంటుంది. అందుచేత పిల్లవాడు చెప్పడు, తల్లిదండ్రులకు తెలియదు. కళ్ళు మాత్రం తెల్లగా, అందంగా కనిపిస్తూ వుంటాయి. ఏ పిల్లవాడికి ఒత్తిడి పెరుగుతుందో ముఖం చూసి చెప్పలేరు. కంటి ఒత్తిడి కొలిస్తేనే తెలుస్తుంది.

స్టెరాయిడ్ వల్ల వచ్చే మరో చేటు శుక్లం. తాతకు రావలసిన శుక్లం మనవడికి వస్తుంది. శుక్లానికి ఆపరేషన్ చేయవచ్చు. ఎండిన నరానికి మాత్రం మందు లేదు.

ఈ మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని చట్టం వుంది. సీసా మీద ఆర్ఎక్స్ అనే గుర్తు వుంటుంది. అయినా అడిగితే ఇచ్చే చోట్లు వున్నాయన్నది అందరికీ తెలిసిన విషయమే. కనుక కొనేవారే జాగ్రత్త పడాలి. మీ ఇంట్లోని సీసాను చదువుకున్న పిల్లల చేత ఒకసారి చదివించండి. డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అనే పేర్లలో ఏది వున్నా అది స్టెరాయిడే. ఒక్కొక్కసారి ఈ మందును సూక్ష్మజీవులను చంపే మందుతో కలిపి అమ్ముతారు. కాబట్టి మొదటి పేరు ఒక్కటే చూసి వదలవద్దు, చివరిదాకా చదవాలి.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు భయపడి ఆ సీసాను ఉన్నపళంగా పారవేయడం కూడా మంచిది కాదు. ఒక్కసారిగా ఆపితే జబ్బు విరుచుకుపడవచ్చు. సీసాను వెంటబెట్టుకుని వెంటనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఎన్నాళ్ళుగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి. డాక్టరు కోప్పడతాడేమోనన్న భయంతో దాచితే నష్టం పిల్లవాడిదే.

ఏ మందు దేనికి?

ఈ జబ్బుకు వైద్యం మెట్లు మెట్లుగా వుంటుంది.

తేలికగా వున్నప్పుడు కన్నీటి వంటి చుక్కలు, ఎలర్జీని అణచే ఓలోపటడిన్ వంటి చుక్కలు సరిపోతాయి. ఇవి రోజుకు ఒకసారో రెండుసార్లో డాక్టరు చెప్పినట్టు వేయాలి. వీటితో కంటి ఒత్తిడి పెరగదు. అయితే ఇవి స్టెరాయిడ్ లాగా ఒక్క రోజులో కన్ను తెల్లబరచవు. అందుకే చాలామంది "ఈ మందు పనిచేయడం లేదు" అని నాలుగో రోజే మానేస్తారు. అది పొరపాటు. కళ్ళు బాగున్నట్టు కనిపించినా డాక్టరు ఆపమనేదాకా వేయాలి. ప్రతి యేడాదీ ఎండాకాలంలోనే వచ్చేవారు కాస్త ముందుగానే డాక్టరును కలిసి మొదలుపెట్టడం మంచిది.

జబ్బు తీవ్రమైనప్పుడు, నల్లగుడ్డుకు ముప్పు వచ్చినప్పుడు డాక్టరే స్టెరాయిడ్ రాస్తాడు. అప్పుడు భయపడి మానకూడదు. మొదట రోజుకు ఇన్నిసార్లు, తర్వాత ఇన్నిసార్లు అని తగ్గించుకుంటూ వచ్చి ఆపుతారు. ఆ లెక్క ప్రకారం వాడి, చెప్పిన రోజుకు తిరిగి చూపించుకోవాలి. చీటీలో రాసిన రోజులు అయిపోయాక మరో సీసా కొనకూడదు.

మాటిమాటికీ స్టెరాయిడ్ అవసరమయ్యే పిల్లలకు సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ లేపనం వంటివి రాస్తారు. ఈ రెండు మందులూ మట్టిలో దొరికినవే కావడం విశేషం. నార్వే మట్టిలోని ఒక బూజు నుంచి మొదటిది, 1984లో జపాన్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి రెండోది బయటపడ్డాయి. మార్చిన మూత్రపిండాన్ని శరీరం తిప్పికొట్టకుండా చూడడానికి పెద్ద మోతాదులో వాడిన మందులను, కంటికి తగినంత చిన్న మోతాదులో ఇప్పుడు ఇస్తున్నారు. వీటివల్ల నీటికాసులు రావు. కాకపోతే మొదట్లో మంటగా వుంటుంది, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఓపిక కావాలి. ఇవి కూడా డాక్టరు చీటీతోనే వాడాలి. చర్మానికి రాసే లేపనాన్ని సొంతంగా కంట్లో పెట్టకూడదు.

ఇంట్లో చేయవలసినవి

దురద మొదలైనప్పుడు పిల్లవాడి చేతులు పట్టుకుని తిట్టడం వల్ల లాభం లేదు. నులమడానికి బదులు చేయవలసిన పని ఒకటి చూపించాలి. శుభ్రమైన గుడ్డను చల్లని మంచినీళ్ళలో తడిపి పిండి, మూసిన కళ్ళ మీద అయిదు నిమిషాలు వుంచండి. కుండనీళ్ళయినా చాలు. రోజుకు ఎన్నిసార్లయినా చేయవచ్చు. కానీ ఖర్చులేని వైద్యం ఇది. కన్నీటి చుక్కల సీసాను చల్లని చోట వుంచి వేస్తే మరింత హాయిగా వుంటుంది.

ఎండలోకి పోయేటప్పుడు అంచున్న టోపీ, చలువ అద్దాలు పెట్టించండి. పిల్లవాడికి నల్లద్దాలు షోకని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఆడుకుని రాగానే ముఖం, చేతులు కడిగించండి. గోళ్ళు కత్తిరించండి. పక్కబట్టలు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయండి. బొంతలు దులపడం, గడ్డివాము పీకడం, వడ్లు తూర్పారబట్టడం వంటి పనుల దగ్గరకు ఆ పిల్లవాణ్ణి రానివ్వకండి. ఇల్లు ఊడ్చేటప్పుడు బయటికి పంపండి. కట్టెల పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ, బీడీ పొగ దూరంగా వుంచండి.

చుక్క వేయడానికీ ఒక పద్ధతి వుంది. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, కిందిరెప్పను మెల్లగా లాగి, ఆ సంచిలో ఒకే ఒక్క చుక్క వేయండి. సీసా మూతి కంటికిగాని రెప్పకుగాని తగలకూడదు. తర్వాత కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో నిమిషం రెండు నిమిషాలు ఒత్తి పట్టుకుంటే మందు గొంతులోకి జారిపోదు. రెండు రకాల మందులు వుంటే మధ్య అయిదు నిమిషాల ఎడం ఇవ్వండి. మూత తీసిన నెల తర్వాత మిగిలిన మందు పారవేయండి. ఒకరి సీసా మరొకరికి వేయకండి. సీసాను పిల్లవాడి చేతికి ఇవ్వకండి.

బడిలో

ఉపాధ్యాయులు గమనించవలసిన సంగతులు కొన్ని వున్నాయి. ఈ పిల్లలు పాఠం వినకుండా తల దించుకుని కూర్చుంటే అది బద్ధకం కాదు, కిటికీ వెలుతురు కళ్ళలో పొడుస్తున్నది. వాళ్ళను వెలుతురు సూటిగా పడని చోట, నల్లబల్లకు దగ్గరగా కూర్చోబెట్టాలి. కళ్ళు ఎర్రగా వున్నాయని ఇంటికి పంపేముందు జబ్బు పాతదా కొత్తదా అడగాలి. వి.కె.సి. అని తేలిన పిల్లవాణ్ణి వెలివేసినట్టు వేరుగా కూర్చోబెట్టనవసరం లేదు. ఎర్రకళ్ళని తోటిపిల్లలు ఎగతాళి చేస్తే ఆపాలి. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందానికి ఈ పిల్లలను తప్పక చూపించాలి.

2018లోనూ, 2023లోనూ రాష్ట్ర ప్రభుత్వం కంటి వెలుగు పేరిట ఊరూరా కంటి పరీక్షలు జరిపి అద్దాలు పంచింది. చూపు ఎంత ఆనుతున్నదో పరీక్షించి అద్దాలు ఇవ్వడం ఆ శిబిరాల్లోని ముఖ్యమైన పని. అక్కడ చూపు బాగానే వుందన్నారు కదా అని ఈ జబ్బున్న పిల్లల విషయంలో ఊరుకోకూడదు. పైన చెప్పినట్టు నీటికాసుల్లో ఎదుటి చూపు చివరిదాకా వుంటుంది. స్టెరాయిడ్ వాడిన ప్రతి పిల్లవాడికీ కంటి ఒత్తిడి కొలిపించడం అవసరం.

ఎప్పుడు, ఎక్కడికి?

పిల్లవాడు కన్ను తెరవలేకపోతున్నా, దురదకు మించి నొప్పి వున్నా, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించినా, చూపు తగ్గినా, ఒక్క కన్నే ఎర్రబడినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. సంతరోజో, కూలి దొరకని రోజో చూసుకుని వెళదామనుకోకూడదు. మిగిలినవారు తీరిక చూసుకుని వెళ్ళవచ్చు, కానీ వెళ్ళడం మానకూడదు.

మన జిల్లావాసులకు హైదరాబాదు దూరం కాదు. మెహిదీపట్నం దగ్గర ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి వుంది. బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ సంస్థలో డబ్బు కట్టలేనివారికి ఉచితంగా చూసే ఏర్పాటు వుంది. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, వాడిన సీసాలు, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్లవాడి కంటి ఒత్తిడి ఎంత వుంది? ఈ మందుల్లో స్టెరాయిడ్ ఏది, ఎన్ని రోజులు? మళ్ళీ ఎప్పుడు రావాలి? ఈ మూడింటి జవాబు చీటీ మీద రాయించుకుంటే సగం పని అయినట్టే.

ఒక రోజు కూలి పోతుందని వెనకాడే తండ్రి బాధ కాదనలేనిది. బస్సు చార్జీలు, తిండి ఖర్చు కలుపుకుంటే పేదవాడికి అది బరువే. అయితే షాపులో కొన్న సీసా ఆ రోజుకు చవక. దాని అసలు ఖరీదు పదేళ్ళ తర్వాత తెలుస్తుంది, అప్పుడు ఎంత పోసినా తీరదు.

ఈ జబ్బు చాలామంది పిల్లలను మీసాలు వచ్చే వయసుకు వదిలిపెట్టి పోతుంది. అంతదాకా కన్నును కాపాడుకుంటూ రావడమే తల్లిదండ్రుల పని. ఈ సాయంత్రం దీపం పెట్టే వేళకు గూట్లో వున్న చుక్కల సీసాను ఒకసారి కిందికి దించి, దాని మీద ఏమి రాసి వుందో చదివించుకోండి.